కిటికీ పక్క పీట

చేతకానివాళ్ళను దూరం నుంచే పోల్చుకోగలనని ఆర్డిస్ టోలెఫ్సన్‌కు గట్టి నమ్మకం. పిండి ముద్దను చేతిలోకి తీసుకునే తీరులోనే బండారం బయటపడుతుందంటుంది. కొందరు దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటారు. కొందరు పగబట్టినట్టు పిసుకుతారు. ఈ రెండు రకాలవాళ్ళకూ లెఫ్సె, అంటే నార్వేవాళ్ళ పల్చటి దుంప రొట్టె, చేయడం చచ్చినా రాదు. బంగాళాదుంప పిండి మీద ప్రేమా పనికిరాదు, కోపమూ పనికిరాదు. వత్తే కర్ర ఆడాలి, అంతే.

తాతల కాలంలో నార్వే నుంచి అమెరికా వచ్చినవాళ్ళ ఊరది; ఎండుచేపను క్షారపు నీళ్ళలో నానేసి వండే చర్చి చేప విందు ఆ నవంబరులో శనివారం పడింది. ఆ వారం మొదట్లో, సోమవారం పొద్దున్నే చర్చి కింది గదిలో రొట్టెల పని మొదలైంది. మగవాళ్ళు బాయిలరు గదిలో కూర్చుని దుంపల చెక్కు తీస్తున్నారు. చెక్కుతోపాటు సగం దుంపా తీస్తున్నారని ఆర్డిస్ వాళ్ళకు వినపడేటట్టే అంది. పక్క ఊరి చర్చివాళ్ళు ఉడికించిన దుంపలు మానేసి డబ్బాలో వచ్చే పొడి కలుపుతున్నారని, పెనం మీద రొట్టెలు కాల్చే లవాన్ కబురు మోసుకొచ్చింది.

"కలపనీ," అంది ఆర్డిస్. "అట్టముక్కకి వెన్న రాసుకు తినేవాళ్ళు వాళ్ళ విందుకి పోతారు. మనకి బల్లలు ఖాళీ అవుతాయి."

కిటికీల వెంబడి గుడ్డ కట్టిన గుండ్రటి పీటలు వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా మొదటిది, పెద్ద పెనం పక్కన కిటికీ వెలుతురు పడేది, మార్లిస్‌ది. మార్లిస్ ఆర్డిస్ తమ్ముడు వెర్లిన్ భార్య. ఆ పీట దగ్గర ఎవరుంటే వాళ్ళ కర్రను బట్టి మిగిలినవాళ్ళ కర్రలు నడుస్తాయి. అందుకే ఆ చోటు ఎవరికి పడితే వాళ్ళకు ఇవ్వరు. ఆర్డిస్ తల్లి పోయినప్పటినుంచీ అది మార్లిస్‌దే. కాగితం కింద పెడితే అక్షరాలు కనబడేంత పల్చగా వత్తి, సన్నటి కర్ర బద్ద మీద చుట్టి, పెనం మీద ఒక్క ముడత లేకుండా విప్పేది. ఆర్డిస్ ఎవరినైనా మెచ్చుకోవడమంటూ ఉంటే మార్లిస్ చేతినే మెచ్చుకునేది. నోటితో కాదు. ఆ పీట దగ్గరికి వెళ్ళి తనిఖీ చేయకపోవడమే ఆవిడ మెచ్చుకోలు.

ఈసారి తనిఖీ చేయాల్సి వచ్చింది.

మార్లిస్ కర్ర నెమ్మదిగా కదులుతోంది. రొట్టె పల్చగానే ఉంది, కానీ ఒకటి వత్తేలోగా పక్కన అమ్మాయి రెండు పూర్తి చేస్తోంది. వత్తడం అయ్యాక పీట అంచు పట్టుకుని కాసేపు నిలబడుతోంది. పెనం దగ్గర లవాన్ చేతిలో బద్ద ఊరికే ఊగుతోంది. పెనం ఖాళీగా కాగి, చల్లిన పిండి మాడి వాసన వేసింది.

"ఏంటమ్మా, కిటికీలోంచి ఎవరైనా కనబడుతున్నారా?" అంది ఆర్డిస్.

"లేదు వదినా. ఈ మాత్ర మొదలెట్టిన దగ్గర్నుంచీ కొంచెం నిదానం అవుతోంది. చేతులు కూడా ఊరికే చల్లబడిపోతాయి." మార్లిస్ నవ్వుతూనే చెప్పింది. పిండి గిన్నె అందిస్తుంటే ఆమె వేళ్ళు ఆర్డిస్ మణికట్టుకు తగిలాయి. తొట్టిలో నానుతున్న చేపకైనా అంతకన్నా వెచ్చదనం ఉంటుంది.

ఏప్రిల్లో మార్లిస్‌కు మెట్లెక్కుతుంటే గుండెలో బిగబట్టినట్టు నొప్పి వచ్చింది. గుండె రక్తనాళాలు ఇరుకయ్యాయని చెప్పి, డాక్టర్లు మిగిలినవాటితోపాటు మెటోప్రొలాల్ అనే బీటా బ్లాకర్ మాత్ర రాశారు. అప్పటినుంచీ నొప్పి రాలేదు. మనిషి మాత్రం నెమ్మదించింది. ఆర్డిస్ దృష్టిలో మొదటి సంగతి డాక్టర్ల గొప్ప, రెండోది మార్లిస్ బద్ధకం.

కాఫీ వేళ లవాన్ నిమ్మకాయ కేకు బిళ్ళల పళ్ళెం తిప్పింది. మార్లిస్ దగ్గర ఆగి, "తీసుకో," అంది.

"వద్దులే, కడుపు నిండుగా ఉంది."

"ఒక్కటి."

"అబ్బే, మిగతావాళ్ళకి ఉంచు."

"ఉన్నాయిలే, తీసుకో మరి."

"సరే, చిన్నది ఇవ్వు," అని మార్లిస్ పెద్దది తీసుకుంది.

ఆ ఊళ్ళో అందరూ అంతే. మొదటిసారి వద్దనడం మర్యాద. రెండోసారి వద్దనడం పెంపకం. మూడోసారి చెప్పేదే మాట. మొదటిసారికే ఔనన్నవాడు పట్నం నుంచి వచ్చాడని అర్థం. రెండుసార్లు అడిగి ఊరుకున్నవాడికి అసలు పెట్టే ఉద్దేశం లేదని అర్థం.

మార్లిస్ ఆ బిళ్ళ తినడానికి స్టూలు లాక్కుని కూర్చుంది. కాఫీ అయి అందరూ లేచారు. ఆమె లేచేసరికి కొంచెం ఆలస్యమైంది. లేవగానే తల తిరిగినట్టుంది, గోడ పట్టుకుంది.

ఆర్డిస్ కప్పు కింద పెట్టింది. "మా అమ్మ న్యుమోనియాతో ఉండి కూడా ఆ పీట దగ్గర కూర్చుని ఎరగదు," అంది. గదిలో కర్రల చప్పుడు ఆగింది. "ఆ మాత్రలు డాక్టర్లు ఎందుకిస్తారో తెలుసా? మనుషుల్ని జోకొట్టడానికి. నిద్రపోయేవాళ్ళు ఫోన్ చేసి విసిగించరుగా. చూడు మార్లిస్, ఆ మాత్ర మింగేవాళ్ళకి రుమాళ్ళ బల్ల. మింగనివాళ్ళకి రొట్టెల పీట. ఏది కావాలో నువ్వే చూసుకో."

లవాన్ పకాలున నవ్వింది. మరో ఇద్దరు నవ్వారు. బాయిలరు గది తలుపు తీసే ఉంది. వెర్లిన్ తలెత్తి ఇటు చూసి, మళ్ళీ దుంప మీదికి వంగాడు.

రుమాళ్ళ బల్ల గదికి ఆ చివర, కోట్లు తగిలించే చోట ఉంటుంది. కళ్ళు మసకబారినవాళ్ళు, చేతులు వణికేవాళ్ళు అక్కడ కూర్చుని కాగితపు రుమాళ్ళు మూలలు కలిపి మడుస్తారు. ఆ బల్ల దగ్గరికి వెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ పీటల దగ్గరికి రాలేదు.

"నాకెక్కడైనా ఫరవాలేదు," అంది మార్లిస్. కర్ర మీది పిండి తుడిచి, కర్రను పీట మీద అడ్డంగా పెట్టి, ఆ చివరికి వెళ్ళింది. మూలలు కలిపి మడవడం మొదలుపెట్టింది. అది కూడా నెమ్మదిగానే.

*

బుధవారం రొట్టెల పని మళ్ళీ సాగింది. అందరికన్నా ముందు వచ్చి మార్లిస్ కిటికీ పక్కన నిలబడి ఉంది.

"ఇవాళ చేసి చూస్తాను వదినా," అంది.

ఆర్డిస్ సరేనలేదు, కాదనలేదు. పిండి గిన్నె తెచ్చి పీట మీద పెట్టింది. మధ్యాహ్నానికి లవాన్ పెనం దగ్గర తట్టుకోలేక, "కాస్త ఆగవే తల్లీ, నాకున్నవి రెండే చేతులు," అని మొత్తుకుంది. మార్లిస్ కర్ర ఆడుతుంటే పీట కింద బల్ల కదిలింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. స్టూలు వైపు చూడలేదు. కాఫీకి కూడా నిలబడే ఉంది.

గిన్నె మార్చుతుంటే ఆర్డిస్ కావాలనే ఆమె చెయ్యి తాకి చూసింది. వెచ్చగా ఉంది.

గెలిచినవాళ్ళకు ఉండే తృప్తి ఆర్డిస్‌కు ఆ పూటంతా ఉంది. ఈ కాలంలో రోగాలన్నీ ఇలాంటివే. ఒకళ్ళకు పిండి పడదు, ఒకళ్ళకు పాలు పడవు, ఒకళ్ళకు పని పడదు. నలుగురిలో ఒక్క మాట అంటే అన్నీ పడతాయి. వెళ్ళేటప్పుడు కోట్ల దగ్గర లవాన్ చెవిలో, "చూశావా, మందు ఎక్కడుందో," అని తన నాలుక వైపు వేలు చూపించింది.

పక్కనే మార్లిస్ కోటు గుండీలు పెట్టుకుంటోంది. మెడ పక్కన నరం ఒకటి, చొక్కా కాలరును తోసుకుంటూ గబగబా కొట్టుకుంటోంది. ఆర్డిస్ దాన్ని చూసింది. వేగంగా పనిచేసిన మనిషికి ఆ మాత్రం ఉండదా అనుకుంది.

*

శనివారం మిట్టమధ్యాహ్నానికే చర్చి చుట్టూ కార్లు నిండిపోయాయి. పట్నం నుంచి వచ్చినవాళ్ళు చేపను ఫోటోలు తీసుకుని, ముక్కు మూసుకుని నవ్వుకున్నారు. ఆర్డిస్ వాళ్ళను గుమ్మంలో చూడగానే మూడు రకాలుగా విడగొట్టింది: పందెం వేసుకుని తినడానికి వచ్చినవాళ్ళు, తాత గుర్తొచ్చి వచ్చినవాళ్ళు, మాంసం ఉండలుంటాయని తెలిసి వచ్చినవాళ్ళు. మూడో రకంవాళ్ళకే కాస్త బుద్ధి ఉందని ఆమె అభిప్రాయం.

పై హాల్లో జనం చూడటానికి ఒక పీట, చిన్న పెనం పెట్టడం ఆనవాయితీ. అక్కడికి మార్లిస్‌నే పంపింది. ఎర్ర చొక్కా, తెల్ల ఏప్రాన్‌తో మార్లిస్ వత్తుతుంటే పిల్లలు చుట్టూ మూగారు. వెన్న గిన్నె పట్టుకుని అటు వెళ్ళిన ఆర్డిస్‌కు ఆమె చేతిలో కర్ర తడబడటం కనిపించింది. రొట్టె అంచు చిరిగింది. మార్లిస్ రొట్టె చిరగడం ఆర్డిస్ చూడటం ఇదే మొదటిసారి. మార్లిస్ చిరుగును వేలితో అతికి, పిల్లలకు ఏదో చెప్పి నవ్వించింది. మళ్ళీ చూసేసరికి పీట దగ్గర ఎవరూ లేరు. పెనం మీద రొట్టె నల్లబడుతోంది.

వెనక తలుపు తీసుకుని ఆర్డిస్ బయటికి వచ్చింది. తిట్టడానికే వచ్చింది. మార్లిస్ కోటు లేకుండా మెట్ల మీద కూర్చుని ఉంది. నీళ్ళు గడ్డకట్టే చలి. ఆమె నుదుటి మీద మాత్రం చెమట. ఎడమ చేత్తో దవడ పట్టుకుని ఉంది.

"ఏమైంది?"

"ఏం లేదు వదినా. లోపల ఉక్కగా ఉంటే."

"నొప్పేమైనా వచ్చిందా?"

"అబ్బే. నువ్వెళ్ళు, జనం ఉన్నారు."

ఆర్డిస్ నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే లోపల్నుంచి, "ఆర్డిస్, వెన్న అయిపోయింది, మూడో బల్లవాళ్ళు గొడవ చేస్తున్నారు," అని లవాన్ కేక వినిపించింది. వెన్న సంగతి తాను చూడకపోతే లవాన్ చల్లటి వెన్న గడ్డలు పెట్టి పంపుతుంది. ఆర్డిస్ లోపలికి వెళ్ళింది. వెన్న కరిగించింది. మూడో బల్లవాళ్ళకు మర్యాద నేర్పింది. దుంపల పళ్ళెం వెనక్కి పంపింది. ఆ తర్వాత మార్లిస్ కోటు తీసుకుని మళ్ళీ వెనక తలుపు తీసింది.

మార్లిస్ కమ్మీకి ఆనుకుని పక్కకు ఒరిగి ఉంది. పెదవులు బూడిద రంగులో ఉన్నాయి.

*

ఆసుపత్రిలో ఎమర్జెన్సీ డాక్టరు పేరు మెంచాకా. టెక్సస్ మనిషి. పొట్టిగా, చురుగ్గా ఉంది. అడిగిన దానికి జవాబు వస్తే అదే జవాబు అనుకునే చోట పెరిగిన మనిషి. మార్లిస్ ఛాతీకి వైర్లు అంటించి, చేతికి సూది పెట్టి, తెర మీద గీతలు చూస్తూ ప్రశ్నలు వేసింది. వెర్లిన్ మంచానికి ఒక పక్క, ఆర్డిస్ గోడ వారన ఉన్నారు. ఆర్డిస్ ఏప్రాన్ మీద ఇంకా వెన్న మరకలున్నాయి.

"మందులన్నీ రోజూ వేసుకుంటున్నారా?"

"ఆఁ, వేసుకుంటున్నాను," అంది మార్లిస్.

"ఏదైనా మానేశారా ఈ మధ్య?"

"లేదండీ."

"డబ్బా గదులు రోజూ ఖాళీ అవడం నేను చూస్తున్నా కదా," అన్నాడు వెర్లిన్.

డాక్టరు తల ఊపి తెర వైపు తిరిగింది. గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పరుగెడుతున్నాయి. ఆర్డిస్ ఆ పరుగును బుధవారం ఒక కాలరు పక్కన చూసింది. ఆ నరం ఎవరి మాట విని పరుగెత్తిందో కూడా అప్పుడు తెలిసింది. గోడ వదిలి మంచం దగ్గరికి వచ్చింది.

"మార్లిస్," అంది. "ఆ మాత్ర మానేశావా?"

మార్లిస్ ఆమె వైపు చూసింది. అడగాల్సినన్ని సార్లు అడగడం అయింది.

"సోమవారం నుంచి," అంది. "డబ్బాలోంచి తీసి ఏప్రాన్ జేబులో వేసుకుంటున్నా."

డాక్టరు గిరుక్కున తిరిగింది. నర్సుకు రెండు మాటలు చెప్పింది. మందేదో సూదిలోంచి వెళ్ళింది. తర్వాతి కాసేపు ఆ గదిలో చేతులే పనిచేశాయి. తెర మీది గీతలు ఒకదాన్నొకటి వదిలి, మెల్లగా దూరం దూరంగా నడవడం మొదలుపెట్టాక డాక్టరు స్టూలు లాక్కుని కూర్చుంది. నిలబడి చెప్పే విషయం కాదన్నట్టు.

"వినండి. భయపడినా, పరుగెత్తినా, వంటింట్లో హడావుడి పడినా ఒంట్లో అడ్రినలిన్ అని ఒకటి ఊరుతుంది. అది గుండె దగ్గరికెళ్ళి 'పద, పద' అని కేకలేస్తుంది. గుండెకి ఆ కేకలు వినే చెవులుంటాయి. మీరు వేసుకునే మాత్ర ఆ చెవుల్లో దూదిలాగా కూర్చుంటుంది. కేకలు ఆగవు. గుండెకి అంతగా వినపడవు, అంతే. అందుకని నెమ్మదిగా, తక్కువ బలంతో కొట్టుకుంటుంది. తక్కువ పని, తక్కువ నెత్తురుతో సరిపోతుంది. మీ నాళాలు ఇరుకు కాబట్టి మీకు కావలసింది అదే."

"మరి ఈ చేతులు చల్లబడటం, నీరసం?" అన్నాడు వెర్లిన్.

"ఆ మాత్రతో కొందరికి వస్తుంది. గుండె పరుగెత్తదు కదా, మనిషీ పరుగెత్తలేదు. అది బద్ధకం కాదు. మందు పనిచేస్తోందని ఒక గుర్తు. మరీ ఎక్కువైతే మాతో చెప్పాలి. మోతాదు తగ్గిస్తాం, లేదా వేరేది ఇస్తాం."

ఆర్డిస్ వెన్న మరకను గోటితో గీకుతోంది.

"ఎక్కువమంది పొరపడేది ఎక్కడంటే," అంది డాక్టరు. "చెవులు నెలల తరబడి మూసేస్తే గుండె ఊరుకోదు. వినపడటం లేదని కొత్త చెవులు మొలిపించుకుంటుంది. ఇప్పుడు ఉన్నట్టుండి దూది లాగేస్తే ఏమవుతుంది? పాత చెవులు, కొత్త చెవులు, అన్నిటికీ కేకలు ఒక్కసారే. మొదటి రెండు మూడు రోజులు బ్రహ్మాండంగా ఉంటుంది. చేతులు వెచ్చబడతాయి, హుషారు వస్తుంది. జబ్బే లేదనిపిస్తుంది. ఆ హుషారే మిమ్మల్ని ఇక్కడికి తెచ్చింది. గుండె కండ కొంచెం దెబ్బతింది. కొంచెమే. ఇంకో గంట ఆ మెట్ల మీద ఉంటే నేను ఇలా కూర్చుని చెప్పేదాన్ని కాదు."

"మానాలంటే అసలు మానకూడదా?" అంది మార్లిస్.

"మానచ్చు, మేము చెప్తే. వారం, రెండు వారాలు కొంచెం కొంచెం తగ్గించుకుంటూ. మీ అంతట మీరు కాదు. ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి వేళ దగ్గర పడితే వదిలేయండి. రెండూ కలిపి మింగకండి. ఊరికెళ్తే అయిపోకుండా చూసుకోండి. లేచేటప్పుడు ముందు మంచం అంచున కూర్చుని, తర్వాత నిలబడండి. రోజూ ఇలా నాడి చూసుకోండి." ఆమె మార్లిస్ రెండు వేళ్ళు తీసి మణికట్టు మీద పెట్టింది. "మరీ నెమ్మదిగా ఉండి కళ్ళు తిరిగితే ఫోన్ చేయండి."

వెర్లిన్ గొంతు సవరించుకున్నాడు. "ఆమె జేబులో మిగిలిన మాత్రలున్నాయిగా. ఫుట్‌బాల్ చూసేటప్పుడు నాకూ గుండె దడదడలాడుతుంది. ఒకటి వేసుకుంటే?"

"మీ చొక్కా జేబులో అదేంటి?"

"ఉబ్బసానికి. పీల్చేది."

"ఊపిరితిత్తుల్లోనూ అలాంటి చెవులే ఉంటాయి. అవి వింటేనే మీ గొట్టాలు తెరుచుకుంటాయి. వాటినీ మూసేశారనుకోండి, ఆ జేబులోది కూడా పనిచేయదు. ఒకళ్ళ మాత్ర ఇంకొకళ్ళు వేసుకునేది కాదు. షుగరు ఉన్నవాళ్ళయితే మరో చిక్కు. షుగరు పడిపోతే గుండె దడ వచ్చి హెచ్చరిస్తుంది కదా, ఈ మాత్ర ఆ దడను వినపడనివ్వదు. ఒక్క చెమటే మిగులుతుంది."

వెర్లిన్ జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

డాక్టరు లేస్తూ అడిగింది. "ఇంతకీ ఎవరు మానమన్నారు?"

"ఎవరూ అనలేదు," అంది మార్లిస్.

"ఎవరో ఒకరు అని ఉంటారు. ఊరికే మానరు కదా."

"ఎవరూ లేరండీ."

డాక్టరు సరేనని తెర నెట్టుకుని వెళ్ళిపోయింది. అడగాల్సింది ఇంకొకసారి ఉందని ఆమెకు తెలియదు. వెర్లిన్‌కు తెలుసు. అతను బూట్ల వైపు చూశాడు. ఆర్డిస్‌కు తెలుసు. ఎవరూ అడగనందుకు తన ఒంట్లోంచి బరువు దిగడం ఆమె స్పష్టంగా గమనించింది. ఇంతకాలం మనుషుల్లో తాను పసిగట్టి, దూరం నుంచే వేలు చూపించిన నీచాలన్నిటికన్నా ఇది తక్కువ రకందని కూడా గమనించింది. నోరు మాత్రం తెరవలేదు.

*

ఆదివారం ప్రార్థన అయ్యాక కింది గదిలో పళ్ళేలు తుడుస్తూ లవాన్ అంది, "మార్లిస్‌కి మొదట్నుంచీ ఇంతే. చెప్పచ్చుగా మాత్ర మానేశానని. మనకెలా తెలుస్తుంది?"

అది ఆర్డిస్ అనే రకం మాటే. గొంతు మాత్రమే లవాన్‌ది. ఆర్డిస్ తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడిచింది. కిటికీ పక్కన పీట గుడ్డ మీద పిండి అలాగే ఉంది. ఎవరూ దులపలేదు.

"ఆ గుడ్డ విప్పకండి," అంది. "అలాగే ఉంచండి. ఆ పీట మార్లిస్‌ది."

"సరేలే," అంది లవాన్, ఎందుకో అర్థం కాక.

సోమవారం ఆర్డిస్ ఆసుపత్రికి వెళ్ళింది. లెఫ్సెకు వెన్న రాసి, పంచదార చల్లి, చుట్టి, కాగితపు రుమాలు కప్పి తెచ్చింది. మార్లిస్‌ను పై అంతస్తు గదికి మార్చారు. దిండుకు ఆనుకుని కూర్చుంది. ముఖంలో రంగు వచ్చింది. వెర్లిన్ కాఫీకి వెళ్ళాడట.

ఆర్డిస్ కుర్చీ లాక్కుంది. కారులో వస్తూ చాలా మాటలు కూర్చుకుంది. ఒక్కటీ సరైన సైజులో లేదు.

"డాక్టరుతో చెప్తాను," అంది చివరికి. "నేనే అన్నానని."

"ఏం చెప్తావు వదినా? ఆవిడకి కావలసింది నేను మానేశానా లేదా అని. అది తెలిసింది." మార్లిస్ గొంతులో కోపం లేదు. ఆర్డిస్ కోపానికి సిద్ధపడి వచ్చింది కాబట్టి ఏం చేయాలో తోచలేదు. "నువ్వన్నావని కాదు. నువ్వు అంటూనే ఉంటావు. అంతమంది విన్నారు కదా. మా ఆయన కూడా విన్నాడు. మాత్ర మానకూడదని ఆ గదిలో సగంమందికి తెలిసే ఉంటుంది, అందరూ ఏదో ఒకటి మింగుతున్నవాళ్ళే. అదేం మాట అని ఒక్కళ్ళూ అనలేదు. అనరులే, నేనూ అనేదాన్ని కాదేమో. లవాన్ నడుం పట్టేసినప్పుడు నువ్వన్న మాటకి నేనూ నవ్వాను."

ఆర్డిస్ పళ్ళెం మీది రుమాలు సర్దింది. మాట్లాడటానికి తనకు తెలిసిన దారి ఒక్కటే కనిపించింది.

"కిటికీ పక్క పీట నీదే. గుడ్డ కూడా విప్పొద్దన్నాను. స్టూలు వేయిస్తాను."

"వద్దు వదినా."

అది మర్యాద. ఆర్డిస్ కుర్చీ ఇంకొంచెం ముందుకు జరుపుకుంది.

"నీ ఇష్టమొచ్చినంత నిదానంగా చెయ్యి. పెనం ఖాళీగా ఉంటే ఉంటుంది. లవాన్ నోరు నేను చూసుకుంటాను."

"వద్దులే. లవాన్ కూతురికి ఇవ్వు. చెయ్యి మంచిది."

అది పెంపకం. ఆర్డిస్‌కు గుండె కాస్త తేలికపడింది. ఇక్కడిదాకా దారి తెలిసిందే. నిమ్మకాయ బిళ్ళ దగ్గర నుంచి పెళ్ళిళ్ళ దాకా అన్నీ ఈ దారినే నడిచాయి.

"మార్లిస్," అంది. ఆ పేరును అంత మెత్తగా ఎప్పుడూ పలకలేదు. "నిన్ను అడుగుతున్నాను. ఆ పీట తీసుకో."

మార్లిస్ రెండు వేళ్ళు మణికట్టు మీద పెట్టుకుని గోడ గడియారం వైపు చూసింది. పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. ఆర్డిస్ కదలకుండా కూర్చుంది. ఎవరి పని అయ్యేదాకానైనా ఆమె అలా కనిపెట్టుకుని కూర్చోవడం అదే మొదలు. లెక్క పూర్తయింది. మార్లిస్ చెయ్యి తీసి దుప్పటి మీద పెట్టుకుంది. అప్పుడు వదిన వైపు తిరిగి చూసింది. ఆ చూపు ఆర్డిస్‌కు కొత్తది కాదు. పిండి ముద్దను పట్టుకునే తీరు చూసి మనిషిని పోల్చుకునే చూపు అది. తనదే.

"వద్దు," అంది మార్లిస్.

ఆ తర్వాత అడగడానికి ఆ ఊళ్ళో మాట లేదు. పళ్ళెం బల్ల మీద అలాగే ఉంది. ఆర్డిస్ దాని మీది కాగితపు రుమాలు తీసి, ఒళ్ళో పరచుకుని, మూలకు మూల కలిపి మడవడం మొదలుపెట్టింది.